కాగితపు కాళ్ల బల్ల

పాత న్యూస్‌పేపర్ షీట్లు ఎనిమిది, ఒక అట్టముక్క, కాస్త మాస్కింగ్ టేపు. వీటితో కనీసం ఎనిమిది అంగుళాల ఎత్తున్న బల్ల కట్టాలి. దాని మీద లావుపాటి పుస్తకం పెడితే నిలవాలి. అమెరికాలోని బోస్టన్ నుంచి డబ్ల్యూజీబీహెచ్ సంస్థ 2007లో మొదలుపెట్టిన 'డిజైన్ స్క్వాడ్' అనే టీవీ కార్యక్రమం బడిపిల్లలకు ఇచ్చిన సవాళ్లలో ఇదొకటి. మన ఇంజనీరింగ్ కాలేజీల టెక్ ఫెస్టుల్లోనూ సివిల్ బ్రాంచి వాళ్లు ఇలాంటివి పెడుతుంటారు. కాగితపు వంతెన, కాగితపు టవర్ అని పేర్లు మారతాయి, అడిగేది ఒక్కటే: ఇంత తక్కువ సరుకుతో ఎంత బరువు మోయించగలరు?

న్యూస్‌ప్రింట్ చదరపు మీటరుకు దాదాపు 45 గ్రాములు తూగుతుంది. ఎనిమిది పెద్ద షీట్లు కలిపినా 150 గ్రాములు దాటవు. శ్రద్ధగా కట్టిన బల్ల తన బరువుకు ఎన్నో రెట్లు మోస్తుంది. చుట్టూ చేరినవాళ్లు "కాగితానికింత బలమా!" అంటారు. కాగితానికి బలం ముందునుంచీ ఉంది. జిరాక్స్ కాగితంలోంచి వేలెడు వెడల్పు పట్టీ కత్తిరించి, ఒక కొస బిగించి, రెండో కొసకు కిలో బరువు వేలాడదీసి చూడండి. తెగదు. అదే పట్టీని నిటారుగా నిలబెట్టి, పైన ఒక రూపాయి బిళ్ల పెట్టే ప్రయత్నం చేయండి. లాగితే అంత గట్టిగా ఉన్నది నొక్కితే ఎందుకు కూలబడుతోందన్నదే ఈ పోటీలో ఉన్న అసలు ప్రశ్న.

లెక్కతో చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. ఏ4 కాగితం పొడవు 297 మిల్లీమీటర్లు, వెడల్పు 210. చదరపు మీటరుకు 80 గ్రాములుండే మామూలు కాగితమైతే మందం 0.1 మిల్లీమీటరు, బరువు 5 గ్రాములు. సన్నటి కడ్డీని రెండు కొసల నుంచి నొక్కితే ఏ బరువు దగ్గర అది పక్కకు వంగిపోతుందో చెప్పే సూత్రాన్ని స్విట్జర్లాండ్‌లో పుట్టిన గణితవేత్త లియోనార్డ్ ఆయిలర్ 1744లోనే ఇచ్చాడు. ఇంజనీర్లు బక్లింగ్ అనేది దీన్నే. పదార్థం ఎంత బిగువుగా ఉంది, అడ్డకోతలో ఆ పదార్థం ఎలా పరుచుకుని ఉంది, కడ్డీ ఎంత పొడవుంది అన్న మూడే అందులో కనిపిస్తాయి. పదార్థం ఎంత బరువుకు పగులుతుందన్న ప్రస్తావనే ఉండదు. కాగితం బిగువు చదరపు మిల్లీమీటరుకు 3,000 న్యూటన్లు అనుకుని, నిలువుగా పెట్టిన ఏ4 కాగితానికి ఈ సూత్రం వేస్తే జవాబు ఒక గ్రాములో సగానికి కాస్త పైన వస్తుంది. కాగితం సొంత బరువే 5 గ్రాములు! తనను తాను మోసుకునే శక్తి కూడా దానికి లేదన్నమాట.

ఇప్పుడు ఆ కాగితాన్నే 210 మిల్లీమీటర్ల వైపు చుట్టి అంచులు అంటించండి. 67 మిల్లీమీటర్ల అడ్డకొలత ఉన్న గొట్టం తయారవుతుంది. అదనంగా ఒక్క గ్రాము కాగితం కూడా వాడలేదు. వంపును ఎదిరించే గుణం మాత్రం దాదాపు 6.7 లక్షల రెట్లు పెరిగింది. పలకగా ఉన్నప్పుడు కాగితం మొత్తం వంపు గీత పక్కనే నక్కి ఉంది. గొట్టంలో అది ఆ గీత నుంచి మూడు సెంటీమీటర్ల దూరం జరిగింది. వంపును అడ్డుకోవడంలో ఆ దూరం వర్గంగా లెక్కకొస్తుంది. అందుకే అంత తేడా. 1638లో అచ్చయిన తన చివరి గ్రంథంలో గెలీలియో ఈ సంగతి ఎత్తాడు. పక్షుల ఎముకలు, ధాన్యపు కాడలు బోలుగా ఉండటంలోని లాభాన్ని వివరిస్తూ, అంతే పదార్థం గట్టి కడ్డీగా ఉంటే ఇంత మోయలేదని చూపించాడు.

ఆయిలర్ లెక్క ప్రకారం మన ఏ4 గొట్టం 400 కిలోలు మోయాలి. ఇది చదివి ఎవరూ దాని మీద ఎక్కి నిలబడకండి. నాలుగైదు కిలోలకే అది కూలిపోవచ్చు. ఎందుకంటే గొట్టానికి చావు రెండు దారుల్లో వస్తుంది. మొత్తం గొట్టం విల్లులా వంగడం ఒకటి. గొట్టం నిటారుగానే ఉండి, గోడ మాత్రం ఒకచోట లోపలికి నొక్కుకుపోవడం రెండోది. గొట్టం లావయ్యేకొద్దీ మొదటి ప్రమాదం తగ్గుతుంది, రెండోది పెరుగుతుంది. గోడ మందాన్ని గొట్టపు వ్యాసార్ధంతో భాగిస్తే ఎంత వస్తుందో దాన్నిబట్టి రెండో రకం బలం ఉంటుంది. మన గొట్టంలో గోడ 0.1 మిల్లీమీటరు, వ్యాసార్ధం 33. ఆ లెక్కన పదకొండు పన్నెండు కిలోలు రావాలి. చేతిలో దానికి సగం వచ్చినా బాగా చేసినట్టే.

లెక్కకూ చేతికీ మధ్య ఉన్న ఆ తేడా ఇంజనీర్లను చాలాకాలం వేధించింది. పలుచటి లోహపు గొట్టాలను ప్రయోగశాలల్లో నొక్కితే, సిద్ధాంతం చెప్పినదాంట్లో మూడోవంతుకే కూలినవీ ఉన్నాయి. నెదర్లాండ్స్‌కు చెందిన వార్నర్ కోయిటర్ 1945లో తన పరిశోధనా గ్రంథంలో కారణం తేల్చాడు. గోడ మీద కంటికి కూడా ఆనని చిన్న సొట్ట చాలు, గొట్టం మోయగల బరువు అమాంతం పడిపోతుంది. మిగతా నిర్మాణాలు చిన్న లోపాలను ఓర్చుకుంటాయి, పలుచటి గొట్టం ఓర్చుకోదు. పోటీల్లో చాలా జట్లు ఓడిపోయేది ఇక్కడే అని నా నమ్మకం. డిజైన్ బాగుంటుంది, గొట్టం చుట్టేటప్పుడు ఎవరి బొటనవేలో ఒకచోట నొక్కుకుంటుంది, సరిగ్గా అక్కడే కూలుతుంది. టేపు పీకి మళ్లీ అంటించిన చోటు, తడి జిగురు ఎండకముందే పట్టుకున్న చోటు, పైఅంచు ఒక పక్క మిల్లీమీటరు ఎత్తుగా ఉన్న చోటు, ఇవన్నీ లోపాలే. గొట్టపు అంచులు సమంగా కత్తిరించడానికి పట్టే పది నిమిషాలు ఇంకో షీటు చుట్టడం కన్నా ఎక్కువ మేలు చేస్తాయి.

అంతరిక్ష రాకెట్ల ఇంధనపు ట్యాంకులూ పలుచటి గొట్టాలే కాబట్టి నాసాకు ఇది డబ్బుతోనూ బరువుతోనూ ముడిపడిన సమస్య. లోపాలకు భయపడి, లెక్కలో వచ్చిన బలాన్ని ఎంతో కొంత తగ్గించి వాడాలని 1960ల నుంచి వాళ్లకొక నియమం ఉంది. తగ్గించిన ప్రతిసారీ గోడ మందం పెరుగుతుంది, రాకెట్ బరువెక్కుతుంది. ఆ నియమం ఇప్పటి తయారీకి మరీ అతిజాగ్రత్తేమో తేల్చడానికి 2011 మార్చిలో అలబామాలోని మార్షల్ కేంద్రంలో పెద్ద ప్రయోగం చేశారు. దాదాపు 8.4 మీటర్ల అడ్డకొలత, 6 మీటర్ల ఎత్తు ఉన్న అల్యూమినియం-లిథియం గొట్టాన్ని నిలబెట్టి, పైనుంచి నొక్కుతూ పోయారు. గోడంతా తెల్లటి రంగు వేసి నల్లచుక్కలు చల్లారు. ఏ చుక్క ఎంత జరిగిందో కెమెరాలు పట్టుకుంటే ఏ భాగం ఎప్పుడు ఉబ్బిందో కంప్యూటర్ చెబుతుంది. పది లక్షల పౌండ్లకు, అంటే మన లెక్కలో 450 టన్నులకు, దగ్గరగా వచ్చాక గోడ ఒక్కసారిగా నొక్కుకుపోయింది. పిల్లలు పుస్తకాలు పేర్చి చేసే పరీక్షకూ దీనికీ కొలతలోనే తేడా.

కాగితపు గొట్టం ఎలా కూలుతుందో ఒకసారి దగ్గరగా చూడాలి. గట్టి సీసా చుట్టూ కాస్త వదులుగా కాగితం చుట్టి అంటించి, సీసా లోపలే ఉండగా కాగితాన్ని రెండు అరచేతులతో పైనుంచి కిందికి నెమ్మదిగా నొక్కండి. పిచ్చిపిచ్చిగా నలగదు. గోడ మీద వజ్రాల ఆకారంలో పలకలు వరసగా తేలతాయి, ఒక వరస పలకల మధ్య సందుల్లో రెండో వరస కూర్చుంటుంది. జపాన్ శాస్త్రవేత్త యోషిమురా పేరు మీద ఈ నమూనాను యోషిమురా నమూనా అంటారు. ఆ దేశానికే చెందిన అంతరిక్ష ఇంజనీరు కోర్యో మియురా దీన్ని తిరగేసి ఆలోచించాడు. కూలేటప్పుడు గోడ ఈ ఆకారం తీసుకుంటోందంటే, ముందుగానే ఆ మడతలు పెట్టి గొట్టం చేస్తే? అలా చేసిన గొట్టం పక్కల నుంచి వచ్చే ఒత్తిడికి మామూలు గొట్టం కన్నా గట్టిగా నిలిచింది. జపాన్‌లో కిరిన్ కంపెనీ 2001లో తెచ్చిన హ్యోకెత్సు పానీయపు డబ్బాల మీద కనిపించే వజ్రపు పలకలు ఆ ఆలోచన నుంచి వచ్చినవే. మియురా పేరుతోనే ఉన్న మరో మడత, కాగితాన్ని రెండు మూలలు పట్టుకుని లాగితే మొత్తం విప్పుకునే మడత, 1995లో జపాన్ పంపిన ఉపగ్రహంలో సౌరఫలకాన్ని విప్పింది.

మళ్లీ బల్లకాళ్ల దగ్గరకొద్దాం. లావు గొట్టం గోడ నొక్కుకుని పోతుంది కదా, మరి సన్నగా, బిగువుగా చుడితే? అదే ఏ4 కాగితాన్ని 20 మిల్లీమీటర్ల అడ్డకొలతతో చుడితే గోడ మూడు పొరలకు పైగా వస్తుంది. పొరలు బాగా అంటుకుంటే గోడ ఇక సులువుగా నొక్కుకుపోదు. ఇంకా సన్నగా, పెన్సిలంత చుడితే గోడ గట్టిపడుతుంది గానీ, కాడ మొత్తం విల్లులా వంగే మొదటి ప్రమాదం తిరిగొస్తుంది. ఈ రెండింటి మధ్య ఎక్కడో ఒకచోట రెండు ప్రమాదాలూ సమానంగా ఉండే కొలత దొరుకుతుంది. దాన్ని పిల్లలు చేత్తో వెతికి పట్టుకోవడమే ఈ పోటీలో నాకు అన్నిటికన్నా నచ్చే భాగం.

చుట్టే పద్ధతిలోనూ పనితనం ఉంది. న్యూస్‌పేపర్‌ను అంచు నుంచి కాకుండా ఒక మూల నుంచి, సైకిల్ చువ్వ చుట్టూ ఏటవాలుగా చుట్టుకుంటూ పోవాలి. అప్పుడు కాడ షీటు కన్నా పొడవుగా వస్తుంది, అంటించే అంచు ఒకే నిలువుగీతలో పడకుండా కాడ పొడవునా మెలికగా తిరుగుతుంది, మధ్యలో పొరలు ఎక్కువపడతాయి. వంపు ఎక్కువగా వచ్చేది మధ్యలోనే కాబట్టి అది కలిసొచ్చే సంగతి. లావు గొట్టాలే వాడదలిస్తే వెదురును చూసి నేర్చుకోవచ్చు. వెదురుబొంగు బోలుగా ఉన్నా చదునుగా నొక్కుకుపోకుండా కాపాడేవి లోపలి కణుపుల గోడలు. అట్టలోంచి గుండ్రటి బిళ్లలు కత్తిరించి గొట్టం లోపల అక్కడక్కడా బిగిస్తే అవి అలాంటి పనే చేస్తాయి.

ఇంకొక సులువు ఆయిలర్ సూత్రంలోనే దాగి ఉంది. కాడ పొడవు రెట్టింపైతే అది మోసే బరువు నాలుగోవంతుకు పడిపోతుంది. తిరగేసి చెప్పాలంటే, కాళ్ల మధ్యలో అడ్డంగా ఒక కాడ కట్టి వాటిని అక్కడ పక్కకు కదలకుండా ఆపగలిగితే, ప్రతి కాలూ సగం పొడవున్నట్టే లెక్క. బలం నాలుగింతలు. కాకపోతే అడ్డంగా ఒక్క కాడ కడితే నాలుగు పలకల చట్రం అవుతుంది, చట్రం పక్కకు ఒరిగి సమాంతర చతుర్భుజంలా పడిపోగలదు. మూలకు మూల ఏటవాలు కాడ వేసి త్రిభుజాలు చేస్తే ఒరగడానికి దారి ఉండదు. మూడు భుజాల పొడవులు మారకుండా త్రిభుజం ఆకారం మారదు. గోదావరి మీది రైలు వంతెనల్లోనూ, సెల్‌ఫోన్ టవర్లలోనూ కనిపించే ట్రస్‌లన్నీ ఈ సత్యం మీద నిలబడ్డవే.

కాగితం లాగుడుకు గట్టిది, నొక్కుడుకు బలహీనమైనది అన్నాను. ఇనుపరేకు కూడా పలుచనైతే అంతే. 1840ల్లో బ్రిటన్‌లో మెనై జలసంధి మీద రైలు వంతెన కట్టాల్సి వచ్చినప్పుడు, రాబర్ట్ స్టీఫెన్‌సన్ ఇనుపరేకులతో పెద్ద పెట్టెలాంటి గొట్టం చేసి రైలును దాని లోపలి నుంచి నడిపించాలనుకున్నాడు. విలియం ఫెయిర్‌బెయిర్న్ లండన్‌లోని మిల్‌వాల్‌లో చిన్న నమూనాలు చేసి పరీక్షించాడు. అప్పటిదాకా ఇనుప దూలాలు ఎక్కువగా పోత ఇనుముతో చేసినవే. పోత ఇనుప దూలం కింది భాగం సాగలేక పగులుతుంది. ఈ రేకు గొట్టాల్లో కింది భాగం బాగానే ఉండగా పైకప్పు రేకే ముడతలు పడి కూలింది. కాగితపు వంతెన మీద బరువు పెడితే పై మడత ముందు నలగడం చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. పైభాగంలో ఒకే రేకుకు బదులు చతురస్రపు గొట్టాలు వరసగా పేర్చి ఫెయిర్‌బెయిర్న్ బృందం సమస్య తీర్చింది. 140 మీటర్ల పొడవైన అంకణాలతో బ్రిటానియా వంతెన 1850లో తెరుచుకుంది.

ఈ విషయం తెలిసి కూడా ఏమరుపాటు పడితే ఏమవుతుందో కెనడాలోని క్యుబెక్ చూపించింది. సెయింట్ లారెన్స్ నది మీద కడుతున్న ఉక్కు వంతెనలో, నొక్కుడు పడే కింది దూలాల్లో ఒకటి పక్కకు వంగుతున్నట్టు పనివాళ్లూ ఇంజనీర్లూ గమనించారు. వంపు రెండు అంగుళాలు దాటింది. ఆపాలా వద్దా అన్న ఉత్తరాలూ టెలిగ్రాములూ నడుస్తుండగానే, 1907 ఆగస్టు 29 సాయంత్రం వంతెన నదిలోకి కూలింది. మీదున్న 86 మందిలో 75 మంది చనిపోయారు. ఆ దూలాలు ఉక్కుపట్టీలను సన్నటి అల్లిక కమ్ములతో కలిపి కట్టినవి. ఆ అల్లిక చాలలేదు. ఉక్కు నాణ్యతలో తప్పు లేదు. నాలుగు పట్టీలను ఒకే కాడలా పనిచేయించాల్సిన కట్టు బలహీనపడింది. కాగితపు పోటీలో పొరలు సరిగా అంటించని గొట్టం చేసే తప్పు అదే.

ఇక కాగితం గురించి. రాజమహేంద్రవరం మిల్లుకో, భద్రాచలం పక్కన సారపాక మిల్లుకో లారీల్లో వెళ్లే సుబాబుల్, జామాయిల్ కర్రను ఉడికించి విడదీస్తే మిల్లీమీటరు పొడవు కూడా ఉండని పీచు వస్తుంది. చలిదేశాల పైన్ కర్ర పీచు దాదాపు మూడు మిల్లీమీటర్లుంటుంది. నీళ్లలో తేలుతున్న పీచు కదిలే జాలీ మీద పడి ఆరేటప్పుడు పీచుకూ పీచుకూ మధ్య హైడ్రోజన్ బంధాలు ఏర్పడతాయి. ప్రధానంగా కాగితాన్ని పట్టి ఉంచేవి అవే. జాలీ పరుగెత్తే దిశలోనే ఎక్కువ పీచు సర్దుకుంటుంది కాబట్టి ఆ దిశలో కాగితం దాదాపు రెండింతలు బిగువుగా ఉంటుంది. ఒకే షీటులోంచి నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి సమానమైన పట్టీలు కత్తిరించి, రెండింటినీ ఒక కొసన కలిపి పట్టుకుంటే ఒకటి ఎక్కువ వాలుతుంది. వాలనిదాని దిశే పీచు దిశ. గొట్టంలో ఆ దిశ నిలువుగా ఉండాలి. ఈ చిన్న పరీక్ష చేయకుండానే ఎన్నో జట్లు సగం బిగువును వదులుకుంటాయి.

హైడ్రోజన్ బంధాలను నీరు వదులు చేస్తుంది. గాలిలో తేమ 90 శాతానికి చేరితే అట్టపెట్టె మోసే బరువు దాదాపు సగానికి పడిపోతుంది. ఏసీ గదిలో కట్టిన బల్లను ఆగస్టులో విశాఖ సముద్రపు గాలి తగిలే వరండాలో పరీక్షిస్తే ఫలితం వేరు. ఎండాకాలం అనంతపురంలో ఇంకా వేరు. అందుకే అన్ని జట్ల పరీక్షలూ ఒకే గదిలో, ఒకే పూట జరగాలి. మామిడిపండ్ల అట్టపెట్టెలు కట్టేవాళ్లకు ఇది అనుభవం. కాయల నుంచి వచ్చే తేమకు కింది వరస పెట్టెలే ముందు కుంగుతాయి. ఆ పెట్టె గోడ చీల్చి చూస్తే రెండు కాగితాల మధ్య అలలుగా మడిచిన మూడోది కనిపిస్తుంది. రెండు పై పొరలను దూరంగా ఉంచడమే దాని పని. ఏ4 కాగితాన్ని గొట్టం చేసినప్పుడు వాడుకున్న దూరమే ఇక్కడా పనిచేస్తోంది. అలల గీతలు నిలువుగా ఉండేలా పెట్టెను చేస్తారు. పోటీలో అట్టను అడ్డంగా తిప్పి కాళ్లు చేసే పిల్లలు ఒకసారి మామూలు పెట్టెను చూస్తే చాలు.

కాగితంతో ఇళ్లే కట్టినవాడు జపాన్ వాస్తుశిల్పి షిగెరు బాన్. 1995 జనవరిలో కోబె భూకంపం తర్వాత, 106 మిల్లీమీటర్ల అడ్డకొలత, 4 మిల్లీమీటర్ల గోడ ఉన్న కాగితపు గొట్టాలను గోడలుగా నిలబెట్టి, ఇసుక నింపిన బీరు క్రేట్లను పునాదిగా వేసి, నిరాశ్రయులకు ఇళ్లు కట్టాడు. గోడను వ్యాసార్ధంతో భాగించి చూడండి. మన ఏ4 గొట్టానికి వచ్చే సంఖ్య కన్నా పాతిక రెట్లు ఎక్కువ. అక్కడే 58 కాగితపు గొట్టాలతో కట్టిన చర్చి పదేళ్లు నిలిచింది. ఆ తర్వాత దాన్ని విప్పి తైవాన్‌కు తీసుకెళ్లి మళ్లీ నిలబెట్టారు. 2001 గుజరాత్ భూకంపం తర్వాత భుజ్‌లో కట్టిన ఇళ్లకు కూలిన ఇళ్ల శిథిలాలే పునాది, మట్టితో అలికిన నేల, వెదురు బద్దల మీద చాపల పైకప్పు. 2014లో ఆయనకు ప్రిట్జ్‌కర్ పురస్కారం వచ్చింది.

పోటీల తీరు గురించి ఒక మాట. చాలాచోట్ల ఎక్కువ బరువు మోసిన జట్టుకు బహుమతి ఇచ్చి, కూలిన బల్లలను చెత్తబుట్టలో వేసి ముగిస్తారు. మోసిన బరువును బల్ల బరువుతో భాగించి మార్కులు వేస్తే కొంత న్యాయం. దానికన్నా ముఖ్యం, బరువు పెట్టకముందే ప్రతి జట్టూ రెండు సంగతులు రాసివ్వాలి: ఎంత బరువుకు కూలుతుంది, ఏ చోట ముందుగా కూలుతుంది. ఆ చోటును పెన్నుతో గుర్తు పెట్టాలి. బరువు పుస్తకాలతో కాకుండా ఇసుకతో, గ్లాసు గ్లాసు చొప్పున పెంచాలి. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీస్తే, కంటికి ఒక్కసారిగా జరిగినట్టు కనిపించే పతనంలో ఏ మడత ముందు లేచిందో, ఏ టేపు తర్వాత ఊడిందో కనిపిస్తుంది. తమ అంచనా ఎందుకు తప్పిందో పిల్లలు చర్చించుకోవడానికి అరగంట ఇవ్వాలి. ఆ అరగంట అయ్యాక, ప్రతి జట్టుకూ ఇంకో ఎనిమిది షీట్లు ఇవ్వాలి.